అతుక్కుపోయిన కాగితాలు

14 జనవరి

అక్కా,

ఉత్తరం అందింది. బావ మోకాలు నొప్పి తగ్గుముఖం పట్టిందన్నావు, సంతోషం. నువ్వు పంపిన కొత్త కళ్ళద్దాలు పెట్టుకునే ఇది రాస్తున్నాను. ఎడమ కన్ను సరిపోయింది. కుడి కంటికి మాత్రం కాగితం కాస్త దూరంగా పట్టుకోవాల్సి వస్తోంది. పవర్ తప్పో, నా కన్ను తప్పో బావనే చెప్పమను.

రెండు సంగతులు చెప్పాలి. ఈ ఏడాది చివరికి నేను కుర్చీ దిగిపోతున్నాను. కంపెనీలో చెప్పేశాను. ఎందుకని అందరూ అడుగుతున్నారు, చెప్పడం నాకు చేతకావడం లేదు. నీకు చెప్తాను. ఆ మధ్య కొత్తగా చేరిన ఒకమ్మాయి లిఫ్టులో నా పక్కన నిలబడి, "మీరు ఇక్కడ ఏం చేస్తుంటారండీ?" అని అడిగింది. నేనెవరో తెలియక అడిగింది. సన్నగా, గలగలా మాట్లాడుతుందని అందరూ ఆ అమ్మాయిని పిచ్చుక అంటారు. లిఫ్టు పై అంతస్తుకి వెళ్ళేదాకా జవాబు వెతుక్కున్నాను. సంతకాలు పెడతాను. మీటింగుల్లో కూర్చుంటాను. ఒకసారి ముప్పైమందిని ఒక్కొక్కరినే పిలిచి, మీకు ఇక్కడ పని లేదని చెప్పాను. ఆటలు తయారుచేస్తాను అని మాత్రం ఆ పిల్లతో అనలేకపోయాను. ప్రోగ్రామ్‌లో ఒక్క వరస రాసి ఎన్నేళ్ళయిందో.

రెండోది. మన పాత కంప్యూటర్ ఆట, బుట్టవాణ్ణి మళ్ళీ కొత్తగా తయారుచేస్తున్నారు. నేను వెళ్ళేలోపు బయటికి రావాలని ఆఫీసులో కుర్రపిల్లల పట్టుదల. నెత్తిన బుట్ట, దారిలో గోతులు, గోతిలో పడితే చావడు, పైనుంచి మళ్ళీ ఊడిపడతాడు అని ఇప్పటివాళ్ళకి వర్ణించి చెప్పాల్సి వస్తోంది. ఈ సందర్భంలోనే ఒక పత్రిక ఆవిడ వచ్చి గంటసేపు కూర్చుంది. నేను ఎప్పటిలాగే మాట్లాడాను.

బావకి నమస్కారాలు.

నీ తమ్ముడు


29 జనవరి

ఒరేయ్ ముంగీ,

నీ ఉత్తరం పైకి చదివి వినిపిస్తే మీ బావ ఏమన్నాడో తెలుసా? "మీవాడు రాజీనామా కూడా రెండు ముక్కల్లోనే రాసుంటాడు, ఆ రెండో ముక్క 'ఉంటాను' అయ్యుంటుంది" అన్నాడు. కుడి కన్ను నీదే తప్పట. పవర్ పెరిగింది. అద్దం మార్చి పంపిస్తాం, ఈలోగా చేతులు పొడుగు చేసుకోమన్నాడు.

ఈ కాలంలో కూడా ఉత్తరాలేంటమ్మా అని షాపుకి వచ్చేవాళ్ళు నవ్వుతారు. మా తమ్ముడితో ఫోన్లో మాట్లాడి చూడండి, మీకే తెలుస్తుంది అంటాను. నేను అరగంట మాట్లాడితే నువ్వు "ఊఁ" అంటావు. అది అవునో, కాదో, అసలు ఫోను పట్టుకునే ఉన్నావో లేదో తెలిసి చావదు. కాగితం మీదైతే కనీసం నాలుగు వాక్యాలు రాలతాయి.

దిగిపోతున్నావంటే నాకు మన మేడగది గుర్తొచ్చింది. నాన్న స్నేహితుడెవరో బాగుచేయమని ఇచ్చి మళ్ళీ పట్టుకెళ్ళని ఆ కంప్యూటరు, ఇంటివాళ్ళు ఇచ్చిన పాత టీవీ. బొమ్మ రావాలంటే టీవీ నెత్తి మీద ఒకటి వేయాలి. నువ్వు కింద చాప మీద, నేను కిటికీ గట్టు మీద. పుస్తకంలో అచ్చువేసిన ఆట ప్రోగ్రాము నేను పైకి చదవడం, నువ్వు టకటకా కొట్టడం. అందులో ఒక్క ముక్క నాకు అర్థమైతే ఒట్టు. నంబరు, కామా, నంబరు, కామా. ప్రతి వరసా రెండేసి సార్లు చెప్పించేవాడివి. "ఇంకోసారి ఆపావంటే లేచిపోతా" అనేదాన్ని. అంతా అయ్యేసరికి కరెంటు పోయేది. కొట్టింది దాచుకోడానికి టేపు లేదు కదా, మళ్ళీ మొదట్నించీ చదవడమే. పొద్దుటికి నా గొంతు బొంగురుపోయి ఉండేది. నాన్న జలుబనుకుని కషాయం తాగించేవాడు.

ఇప్పుడు చూడు, రోజంతా షాపులో గోడ మీది అక్షరాలు చూపించి "చదవండి, చదవండి" అని నేనే అందర్నీ వేధిస్తున్నాను.

ఆ పత్రిక వచ్చింది. కళ్ళద్దాలకొచ్చిన ఒకాయన "ఇది మీ తమ్ముడే కదా" అని చూపించాడు. ఫొటోలో బాగానే ఉన్నావు. ఇంటర్వ్యూ కూడా చదివాను. బాగానే ఉంది.

అక్క


10 ఫిబ్రవరి

అక్కా,

అద్దం అందింది. ఇప్పుడు రెండు కళ్ళూ ఒకే దూరంలో ఉన్నాయి. ఖర్చు ఎంతయిందో రాస్తే నా రోజువారీ పద్దులో వేసుకుంటాను. ఊరికే అంటే బావ దగ్గర ఇంకోసారి అడగలేను.

ఫొటో బాగుందన్నావు. వాళ్ళే తల దువ్వించారు.

నువ్వు మేడగది సంగతి రాశాక రెండు రోజులు పని మీద మనసు పోలేదు. నా గది ఇక్కడ చాలా పెద్దది. గోడకి మన ఆటల బొమ్మలన్నీ వరసగా వేలాడదీశారు. ఎవరైనా వస్తే ముందు వాటిని చూస్తారు, తర్వాత నన్ను చూస్తారు. ప్రింటింగ్ ప్రెస్సు పైన రెండు గదుల్లో మొదలైన కంపెనీ ఇది. అప్పట్లో నా పని నీళ్ళ బిల్లుల ప్రోగ్రాములు రాయడం. కింద మిషన్లు తిరుగుతుంటే నా టేబులు వణికేది. మధ్యాహ్నం అందరూ తినడానికి వెళ్ళినప్పుడు నేను బుట్టవాణ్ణి రాసుకునేవాణ్ణి. ఒకరోజు మా పెద్దాయన, అంటే ఓనరు, తొందరగా తిరిగొచ్చి వెనక నిలబడ్డాడు. తిడతాడనుకున్నాను. "వాడు పడి మళ్ళీ పైనుంచి వచ్చాడేంటి? ఏదీ, ఇంకోసారి పడెయ్" అన్నాడు. సాయంత్రం దాకా వాణ్ణి గోతుల్లో పడేస్తూనే కూర్చున్నాడు. మర్నాటి నుంచి నీళ్ళ బిల్లులు ఇంకొకడికి ఇచ్చారు.

తర్వాత నా కింద నలుగురయ్యారు, నలభైమందయ్యారు. పెద్దాయన పోయాక నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు. టేబుల్ మీద కీబోర్డు ఇప్పటికీ ఉంది. దాని మీద జవాబులు తప్ప ఏమీ కొట్టడం లేదు.

మే నెలలో కొత్త బుట్టవాణ్ణి నలుగురికీ చూపించే సభ ఉంది. నువ్వూ బావా రావాలి. ముందు వరసలో కుర్చీలు ఉంచమన్నాను.

నీ తమ్ముడు


2 మార్చి

తమ్ముడికి,

అద్దానికి ఖర్చేమీ లేదు. పద్దులో సున్నా వేసుకో.

సభ సంగతి తెలిసింది. మాకు రావడం కుదరదు. షాపు మూసి వెళ్ళలేం. మీ బావ కాలు కూడా అంతంతమాత్రం. పెద్దపెద్దవాళ్ళు వస్తారు, వాళ్ళ మధ్య మేం కూర్చుని చేసేదేముంది. నువ్వు బాగా జరిపించుకో.

ఉంటాను.

అక్క


9 మార్చి

అక్కా,

షాపు గురించి దిగులు పడకు. మీ ఊళ్ళోనే అనుభవం ఉన్న ఒకతన్ని మాట్లాడాను. మీరు తిరిగొచ్చేదాకా షాపు చూసుకుంటాడు. అతని జీతం ఇచ్చేశాను. బావ కాలికి ఇబ్బంది లేకుండా ఇంటి ముందునుంచే కారు ఏర్పాటు చేశాను. టిక్కెట్లు దీనితో పంపుతున్నాను. ఇక రావడానికి అడ్డేమీ లేదు.

నీ తమ్ముడు


17 మార్చి

ఒరేయ్,

నువ్వు పంపిన మనిషి వచ్చాడు. మీ బావ ముప్పై ఏళ్ళుగా కూర్చునే స్టూలు మీద కూర్చుని, "తాళాలు ఎప్పుడిస్తారండీ" అన్నాడు. మీ బావ టీ తాగించి పంపించేశాడు. సాయంత్రం దాకా ఆ స్టూలు మీంచి లేవలేదు. టిక్కెట్లు ఇందులో పెట్టాను, తీసుకో.

షాపు కోసం రాననుకున్నావా? అంత తెలివిగలవాడివి, వందలమందికి పెద్దవాడివి, అక్క రానంటే ఎందుకో తెలుసుకోలేవా? నోరు విప్పి చెప్పాలా? సరే, చెప్తాను.

ఆ పత్రిక ఆవిడ అడిగింది, "గోతిలో పడ్డవాడు పైనుంచి రావడం అనే ఆలోచన మీకెలా వచ్చింది?" అని. దానికి నువ్వు, "పొరపాటున వచ్చింది" అన్నావు. అంతే. తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయింది. ఇదే మొదటిసారా? మీ పెద్దాయన ఉన్నప్పుడు టీవీలో అడిగారు, పొరపాటు అన్నావు. ఆ ఆటకి బహుమతి ఇచ్చినప్పుడు అడిగారు, పొరపాటు అన్నావు. షాపులో కూర్చుని అన్నీ చూశాను. ఆ పొరపాటుకి రెండు జడలుండేవిరా. కిటికీ గట్టు మీద కూర్చుని నీకు చదివి పెట్టేది. రెండు కాగితాలు కలిపి తిప్పేసి, మధ్యవి వదిలేసి చదివింది అదే. వాడు పడి పైనుంచి ఊడిపడితే నువ్వు చాప మీంచి లేచి గంతులేశావు. నీ జన్మలో నువ్వు గంతులేయడం నేను చూసింది ఆ ఒక్కసారే.

నాకు పేరు అక్కర్లేదు. కానీ నీ నోటివెంట "మా అక్క" అనే మాట ఒక్కసారి రాకపోవడానికి కారణం ఏదో ఉండాలి కదా. కళ్ళద్దాల షాపులో కూర్చునే అక్క, పరీక్ష తప్పిన అక్క. నీకు నామోషీ. అంతేగా? ఆ సభలో ముందు వరసలో కూర్చోబెట్టి "ఈవిడెవరు" అని ఎవరైనా అడిగితే ఏం చెప్పేవాడివి? పొరపాటు అనేవాడివా?

అక్క


26 మార్చి

అక్కా,

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. బావకి విడిగా రాస్తున్నాను. ఆయన స్టూలు మీద ఇంకొకణ్ణి కూర్చోబెట్టడానికి నేనెవణ్ణి. ఆ ఆలోచన రాలేదు. కంపెనీలో ఎవరైనా రాకపోతే వాళ్ళ చోట ఇంకొకర్ని పెట్టడం అలవాటైపోయింది.

రెండో సంగతి రాయడం నాకు కష్టం. అయినా రాస్తాను.

నీ పరీక్ష ఫలితాలు వచ్చిన రోజు నీకు గుర్తుందా? లెక్కల్లో తప్పావు. ఎందుకు తప్పావని నాన్న అడిగితే, "నాకు లెక్కలు ఎక్కవు" అన్నావు. నేను తలుపు వెనకాల ఉన్నాను. నీకు లెక్కలు ఎక్కకపోవడమేంటి? ఇంట్లో అందరికంటే నువ్వే తొందరగా చేసేదానివి. ఆ సాయంత్రాలన్నీ నా దగ్గర కూర్చున్నావు కనుక తప్పావు. ఆ మాట చెప్దామని నేను గదిలోకి వస్తుంటే, నువ్వు మెట్ల దగ్గర నా చెవి పట్టుకుని పక్కకి లాగావు. "సాయంత్రాలు మనం ఏం చేశామో ఎవరికీ చెప్పకు. నేను చదివిపెట్టానని ఎవరితోనూ అనకు. ఎప్పటికీ అనకు. ఒట్టు" అన్నావు. చెప్తే నాన్న ఆ కంప్యూటర్ని వీధిలో పడేస్తాడని ఇద్దరికీ తెలుసు. నేను ఒట్టు వేశాను. చెవి చాలాసేపు మండింది.

ఎప్పటిదాకా అని నువ్వు చెప్పలేదు. నేను అడగలేదు.

టీవీ వాళ్ళు అడిగినప్పుడు నాన్న ఉన్నాడు. బహుమతి నాటికి నాన్న లేడు కానీ, ఒట్టు ఒట్టే అనుకున్నాను. "మా అక్క చదివింది" అనకుండా నిజం చెప్పాలంటే నాకు దొరికిన మాట "పొరపాటు" ఒక్కటే. అబద్ధం కాదు కదా అని దాన్నే పట్టుకున్నాను. నువ్వు షాపులో కూర్చుని చూస్తున్నావని తెలుసు. చూసి, వీడు మాట నిలబెట్టుకుంటున్నాడు అనుకుంటావని అనుకున్నాను. ప్రతిసారీ నీకు కనిపించేలా టీవీ కెమెరాకేసి సూటిగా చూసి మరీ ఆ మాట అనేవాణ్ణి.

నామోషీ అని రాశావు. అది మాత్రం కాదు.

నీ తమ్ముడు


8 ఏప్రిల్

ఒరేయ్ పిచ్చిమొహమా,

నేను ఒట్టు వేయించుకున్నానా? మెట్ల దగ్గర? మూడు రోజులు ఆలోచించాను. నాన్న అరిచింది గుర్తుంది. నువ్వు తలుపు వెనక ఉన్నది గుర్తుంది, నీ కాళ్ళు కింద నుంచి కనపడుతూ ఉండేవి. నీ చెవి పట్టుకున్నది కూడా గుర్తొస్తున్నట్టే ఉంది. రోజుకి నాలుగుసార్లు పట్టుకునేదాన్ని, ఏది ఎందుకో ఎవరికి గుర్తు? ఒట్టు మాత్రం బొత్తిగా లేదు. ఆ పూటకి నోరు మూయించడానికి అనుంటాను. దాన్ని పట్టుకుని తల నెరిసేదాకా కూర్చుంటావని నాకేం తెలుసు?

మీ బావకి చదివి వినిపిస్తే కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "టీవీలో వీడు ఆ మాట అన్నప్పుడల్లా గుడ్లప్పగించి చూసేవాడు, ఎందుకా అనుకునేవాణ్ణి" అన్నాడు. "వీడికి కళ్ళ జబ్బేమో, ఒకసారి రమ్మని రాయి అని నీతో అన్నాను కూడా" అన్నాడు. నిజమే, అన్నాడు. తర్వాత ఇద్దరం నవ్వలేక చచ్చాం. నవ్వుతూ నవ్వుతూ నేను ఏడ్చాననుకో, అది వేరే సంగతి.

పరీక్ష గురించి నువ్వేం బరువు పెట్టుకోకు. నేను తప్పబట్టే ఈ షాపులో ఉద్యోగానికి చేరాను. చేరబట్టే లెన్సులు అరగదీసే ఈ మనిషి దొరికాడు. పాసైతే ఎవడు దొరికేవాడో.

ఒట్టు తీసేస్తున్నాను. అందరికీ చెప్పుకో. కానీ సభకి మాత్రం రాను. నన్ను చూపించి చెప్తావు, అందరూ వెనక్కి తిరిగి చూస్తారు, నాకు ఒళ్ళు చచ్చిపోతుంది. ఈ విషయంలో నేనూ నీ అక్కనే.

అక్క


15 ఏప్రిల్

అక్కా,

సభకి రావద్దు. ఇంకో పనికి రా.

కొత్త బుట్టవాడు దాదాపు అయిపోయాడు. పిల్లలు బాగా చేశారు. కానీ గోతిలో పడి పైనుంచి వచ్చేటప్పుడు ఏదో లోపం ఉంది. మరీ నున్నగా వస్తున్నాడు. ఏం తక్కువైందో నేను చెప్పలేకపోతున్నాను. పిచ్చుకే అంది, "అసలు మొట్టమొదటిసారి ఎలా పడ్డాడో చూస్తేగానీ లాభం లేదండీ" అని. ఆ మొట్టమొదటిది టేపు మీద లేదు, ఎక్కడా లేదు. కరెంటుతోపాటు పోయింది. పుస్తకం మాత్రం నా దగ్గర ఉంది. అట్ట లేదు. నీ పరీక్ష దరఖాస్తుకి ఫొటో అంటించి, చేతులు తుడుచుకోకుండా పుస్తకం పట్టుకున్నావే, ఆ రెండు కాగితాలు ఆ జిగురుతో ఇప్పటికీ అతుక్కునే ఉన్నాయి. వాటి మధ్య ఏముందో నేను చూడలేదు.

అలాంటి పాత కంప్యూటర్ మిషన్ ఒకటి సంపాదించాం. మళ్ళీ మొదటినుంచీ టైప్ చేయాలి. పిల్లలు చేస్తామన్నారు. నేను చేస్తానన్నాను. అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. చదవడానికి ఎవరు కావాలండీ అని అడిగింది పిచ్చుక. మా అక్క వస్తుందని చెప్పాను. పదిమంది ముందు ఆ మాట అనడం ఇదే మొదలు. ఒకడు ఇంకో కుర్చీ తెచ్చి వేశాడు.

షాపు బావ చూసుకుంటాడు కదా. ఆయన స్టూలు మీద ఆయనే.

నీ తమ్ముడు


20 మే

ఒరేయ్ ముంగీ,

క్షేమంగా చేరాను. గొంతు బొంగురుపోయింది. మీ బావ ఏమీ అడక్కుండా కషాయం పెట్టిచ్చాడు. వద్దన్నా వినలేదు.

అంత పెద్ద ఆఫీసులో నువ్వు కుర్చీ పక్కకి తోసేసి కింద కూర్చుంటావని నేననుకోలేదు. నీ మోకాళ్ళు టపటపా చప్పుడు చేశాయి, పిల్లలంతా విన్నారు. నేను కిటికీ గట్టు దొరక్క టేబులెక్కి కూర్చున్నాను. కళ్ళద్దాలు పెట్టుకుని మొదలుపెట్టగానే నోరు దానంతటదే నడిచింది. నంబరు, కామా, నంబరు, కామా. ఈసారి కూడా రెండేసి సార్లు చెప్పించావు. వందలమందికి పెద్దవాడివైనా చెవులు మాత్రం మారలేదు. నేను "ఇంకోసారి ఆపావంటే లేచిపోతా" అన్నాను చూడు, ఆ పిచ్చుక పిల్ల పకపకా నవ్వింది. మీ ఆఫీసులో నీతో అలా మాట్లాడేవాళ్ళు లేరట.

అతుక్కున్న కాగితాల దగ్గరికి వచ్చాక ఆ పిల్ల, "ఆవిరి పడితే విడిపోతాయండీ, మధ్యలో ఏముందో చూద్దామా" అంది. అందరూ నా చేతులకేసే చూశారు. నేను రెండూ కలిపే తిప్పాను. మిషన్ మీద వాడు పడ్డాడు. ఒక్క క్షణం ఖాళీ. ముందు బుట్ట వచ్చింది, దాని వెనక వాడు. ఆ ఖాళీయే కదూ మీ కొత్తదాంట్లో లేనిది? పిల్లలు చప్పట్లు కొట్టారు. నువ్వు గంతులేయలేదు. లేవడానికి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది.

కానీ ఒకటి అడగాలి. అక్కడే అడిగాను, నువ్వు తప్పించుకున్నావు. ఈసారి కాగితాలు తిప్పినప్పుడు నేను నంబర్లు చూశాను. ప్రతి వరసకీ ముందు వరస నంబరు ఉంటుంది కదా, అది ఒక్కసారిగా ఎక్కడినుంచో ఎక్కడికో దూకేసింది. అర్థం కాకుండా చదివే నాకే ఇప్పుడు కనపడింది. కొట్టేవాడివి నువ్వు, అప్పుడు నీకు తెలీలేదా అన్నాను. నువ్వు "ఊఁ" అన్నావు. ఏ ఊఁ అది? రాయి.

అక్క


27 మే

అక్కా,

కషాయం మానకు.

నంబరు దూకడం ఆ రోజే చూశాను. ఎక్కడో తప్పిందని తెలిసింది. చెప్దామని తలెత్తాను. కిటికీ గట్టు మీద నువ్వు, చేతికి జిగురు, గొంతు అప్పటికే పోయింది. అప్పుడే అన్నావు, ఇంకోసారి ఆపావంటే లేచిపోతానని.

నువ్వు లేచిపోతావేమోనని ఊరుకున్నాను. వచ్చిన నంబరే కొట్టుకుంటూ పోయాను.

పడితే ఆట అయిపోయిందని చెప్పే వరసలు ఆ కాగితాల మధ్యే ఉండాలి. పుస్తకం ఇంటికి తెచ్చుకున్నాను. ఆవిరి పట్టడం లేదు.

నీ తమ్ముడు